చేతికే ఇవ్వాల్సిన కాగితం

"అమ్మా! కదలకు! తలుపు దగ్గరికి వెళ్ళకు!"

కొడుకు గొంతు తగ్గించి అరిచాడు. గొంతు తగ్గించి అరవడం ఆ ఇంట్లో అందరికీ ఈ మధ్యే అలవాటైంది. పింగాణమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని వంటింటి గుమ్మంలో బిగుసుకుపోయింది. మనవరాలు ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని తల పైకెత్తింది.

"ఎవరొచ్చారు నానమ్మా? అమ్మేనా?"

ఏం చెబుతుంది! ఆ పసిదాని నోరు మెల్లగా అరచేత్తో మూసింది.

భర్త పోయిన నాటి నుంచీ పింగాణీ, గాజు సామాన్ల కొట్టు ఒంటిచేత్తో నడిపి, కూతురికి పెళ్ళి చేసి, కొడుకుని మనిషిని చేసింది కాబట్టి వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆమె పింగాణమ్మే. ఎంత గయ్యాళి గిరాకీ వచ్చినా ఎదురుగా నిలబడి బేరమాడిందే గానీ, తలుపు వెనక దాక్కోవడం ఆమెకు తెలీదు. అలాంటి మనిషి ఇవాళ సొంత ఇంట్లో దొంగలా నిలబడింది!

కొడుకు కిటికీ రెక్క కొంచెం తెరిచాడు. బయట కోర్టు బంట్రోతు, చంకలో గొడుగు, చేతిలో సంచీ.

"మీ అమ్మగారికి సమన్లు వచ్చాయండీ. ఒకసారి పిలుస్తారా?"

"ఆవిడ ఊళ్ళో లేదు. ఇలా ఇవ్వండి, నేను సంతకం పెడతాను."

"మీ పేరున వచ్చిందైతే, మీరు లేనప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళెవరికిచ్చినా సరిపోయేది. ఇది సాక్షికండీ. మనిషి చేతికే ఇవ్వాలి. మీకిచ్చానంటే నాకు తిట్లు, మీకు చిక్కులు."

"అయితే పట్టుకుపోండి."

"పట్టుకుపోతాను. మళ్ళీ తెస్తాను. నా ఉద్యోగమే అది కదా!" బంట్రోతు గొడుగు తెరవబోతూ ముక్కు ఎగబీల్చాడు. "ఊళ్ళో లేని అమ్మగారికి కాస్త చెప్పండి బాబూ, పొయ్యి మీద కూర మాడుతోంది!"

మరొకప్పుడైతే పింగాణమ్మ పకపకా నవ్వేది. ఆ రోజు గబగబా వెళ్ళి గిన్నె దించింది. పొగకో దేనికో కళ్ళు మండాయి... చెంగుతో తుడుచుకుంటే ఆగలేదు.

ఆ కాగితం పంపించింది పరాయివాళ్ళు కాదు. కోడలు!

సంగతేమిటంటే, కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరింది. అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే పని. "మన కొట్టు ఉండగా ఇంకొకడి కొట్టులో పనేంటి? నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?" అన్నాడు కొడుకు. "మన కొట్టులో నేను ఓ కప్పు కింద పెట్టినా మీరు మళ్ళీ తీసి సర్దుతారు. అక్కడ నా పని నాది," అంది కోడలు. మాటా మాటా పెరిగింది. "వెళ్ళు! సాయంత్రం మాత్రం తిరిగి రాకు!" అన్నాడు. కోపంలో మనిషి నోటి వెంట వచ్చే సరుకంతా లెక్కలోకి వేసుకోకూడదని పింగాణమ్మ పట్టించుకోలేదు. అక్కడే ఆమె అంచనా తప్పింది.

ఆ సాయంత్రం కుండపోత వాన. కోడలు తడిసి ముద్దయి వచ్చేసరికి, కొడుకు గడియ పెట్టి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని కూర్చున్నాడు.

"అత్తయ్యా! తలుపు తీయండి అత్తయ్యా! పాపకి అన్నం పెట్టే వేళయింది... పోనీ కిటికీలోంచి ఒక్కసారి చూపించండి!"

"తాళంచెవి ఇవ్వరా... నీకు దండం పెడతాను, ఇవ్వరా!" అని కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుంది పింగాణమ్మ. "నువ్వు మధ్యలోకి రాకమ్మా!" అన్నాడు వాడు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఏం చెయ్యాలో తోచక ఆమె ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుని రెండు చెవులూ గట్టిగా మూసింది. బయట తట్టడం ఆగేదాకా మూసే ఉంచింది.

మర్నాటి నుంచి కొడుకు వీధిలో చెప్పింది ఒకటే మాట. "పిల్లని వదిలేసి పోయిందండీ, పట్టించుకోలేదు!" కోర్టులోనూ అదే రాయించాడు. పాప తనకే కావాలన్నాడు. కోడలు, నన్ను గెంటేశారు, నా బిడ్డని నాకిప్పించండి అంది. ఎవరి మాట నిజమో చెప్పగలిగిన మనిషి ఒక్కతే. చెబితే కొడుక్కి కూతురు దక్కదు. చెప్పకపోతే పాపకి తల్లి దక్కదు!

పోనీ కొడుకు రాక్షసుడా అంటే, కాదే! పొద్దున్నే పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసేవాడు. గాజు గ్లాసుని గడ్డిలో చుట్టే చేతులు కదా, నొప్పి తెలియకుండా చిక్కులు తీసేవాడు. జడ మాత్రం ఎప్పుడూ ఒక పక్కకి వంకరే! అది చూసి పింగాణమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేవి. ఆ జడని వాడి చేతుల్లోంచి తీసేది తన మాటేనా... భగవంతుడా!

కొట్టులో వాళ్ళకో పద్ధతి ఉంది. సరుకు పెట్టె దించుకుంటేనే అది మనది. దించుకోని పెట్టెలో ఎన్ని పగిలినా పంపినవాడే పడతాడు. కొడుకు కోర్టునీ అదే పద్ధతిలో కొలిచాడు. "అమ్మ చెయ్యి పడకపోతే ఆ కాగితం పంపినవాళ్ళ దగ్గరికే పోతుంది. విచారణ రోజు గడిచిపోతే చాలు," అని తల్లినీ పాపనీ అక్క ఇంటికి పంపేశాడు.

బంట్రోతు అక్కడికీ వచ్చాడు. ఆ అక్క, పింగాణమ్మ పెద్దమ్మాయి, పుట్టింటి పరువు తన నెత్తినే ఉందనుకునే రకం. తీసుకుని చింపి పారేస్తే పీడ వదులుతుందని, తల మీద కొంగు కప్పుకుని గుమ్మంలోకి వెళ్ళింది.

"నేనేనయ్యా ఆవిడని. ఇలా ఇచ్చెయ్!"

బంట్రోతు ఆమెని పైనుంచి కిందికి చూశాడు. "మీరేనా తల్లీ? మొన్న మీ అబ్బాయిని చూశాను. చూడబోతే అతనికే మీ కంటే రెండేళ్ళు ఎక్కువుండేలా ఉంది వయసు!"

"ఛీ, వెళ్ళవయ్యా!" అని తలుపు ధడేల్న వేసింది పెద్దమ్మాయి. లోపలికి వచ్చి తల్లి మీద విరుచుకుపడింది. "చూశావా, నీ వల్ల ఎన్ని మాటలు పడాల్సొస్తోందో! నీ కోడలికేం, హాయిగా అక్కడ కూర్చుని కాగితాలు పంపిస్తోంది. నువ్వు గనక తమ్ముడికి ఎదురు నిలబడ్డావో, నాకు పుట్టిల్లు లేదనుకుంటాను!"

పింగాణమ్మ పాపని తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మాయి స్నానానికి వెళ్ళింది. ఎవరో తలుపు తట్టారు. పింగాణమ్మ ఉలిక్కిపడి మంచం వెనక్కి జరిగింది. పాప పరుగెత్తుకెళ్ళి, తలుపుకి నోరు ఆనించి గట్టిగా అంది.

"నానమ్మ లేదు! ఇంట్లో ఎవ్వరూ లేరు!"

మేనత్త నేర్పిన మాట. వచ్చింది పక్కింటావిడ, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. పాప మెచ్చుకోలు కోసం నానమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. మెచ్చుకోలు రాలేదు. ఆ చిన్న మొహంలో ఏదో ఆలోచన కదిలింది.

"నానమ్మా... మరి అమ్మ వచ్చినప్పుడూ నేను లేనని చెప్పారా?"

అంతే! అన్ని రోజుల నుంచి ఎటూ తేలకుండా ఊగుతున్న తక్కెడ ఒక్కసారిగా ఒక పక్కకి దిగిపోయింది. పింగాణమ్మ పాపని గుండెలకి హత్తుకుని భోరుమంది. "లేదమ్మా... లేదు నా తల్లీ... నువ్వున్నావనే మీ అమ్మ అంతసేపు తట్టింది..."

స్నానం చేసి వచ్చిన కూతురికి పాపని అప్పగించి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మా?"

"బేరానికి."

కళ్ళజోళ్ళ దుకాణం మూడు వీధుల అవతల. కోడలు వెనక గదిలో అద్దం అరగదీస్తోంది. ఎంత చిక్కిపోయింది! అత్తగారిని చూడగానే యంత్రం ఆపి, చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి లేచింది.

"అత్తయ్యా! పాపకి ఒంట్లో బాలేదా?"

తిట్టలేదు, నిలదియ్యలేదు... మొదటి మాట పాప గురించే! పింగాణమ్మ ఆ చేతులు తన చెంగుతో తుడిచింది.

"బాగానే ఉంది. ఆ కాగితం ఇవ్వమ్మా. నీ చేతుల్తోనే ఇవ్వు, తీసుకుంటాను."

కోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నేనివ్వకూడదత్తయ్యా. కేసులో ఉన్న మనిషి ఇస్తే చెల్లదట. కోర్టు మనిషే ఇవ్వాలట."

"ఇదేం చోద్యమే! అత్తాకోడళ్ళం ఎదురెదురుగా ఉన్నాం. నువ్విస్తానంటే నేను పుచ్చుకుంటాను. మధ్యలో మూడోవాడెందుకు?"

"మన ఇద్దరి మధ్యా తలుపు వచ్చింది కదత్తయ్యా... అందుకే!"

పింగాణమ్మ తలవంచుకుని ముక్కాలి పీట మీద కూర్చుంది. "అయితే ఆ మూడోవాణ్ణే పిలు," అంది.

కోడలు తన వకీలుకి ఫోన్ చేసింది. బంట్రోతు వచ్చేదాకా ఇద్దరూ దుకాణం మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళు చూస్తే ఎండ తగ్గేదాకా ఆగిన తల్లీకూతుళ్ళనుకునేవాళ్ళు.

"అత్తయ్యా, ఇప్పటికైనా లేచి వెళ్ళిపోండి. మీరొచ్చారని ఎవరికీ చెప్పను. మీ మీద నాకు కోపం లేదు. ఆయన మీ కొడుకు..."

"వాడు నా కొడుకే. అందుకే వాడు విరిచినదానికి నేను జవాబు చెప్పాలి."

"రేపు ఆ ఇంట్లో మిమ్మల్ని ఎవరు చూస్తారు?"

"నన్ను చూసే సంగతి తర్వాత. నువ్వు తిన్నావా? చెంపలు చూడు ఎలా లోపలికి పోయాయో! పొరుగు కొట్టులో అద్దాలు అరగదియ్యమన్నారు గానీ, నిన్ను నువ్వు అరగదీసుకోమన్నారా?"

కోడలు ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే అత్తగారి భుజం మీద తల వాల్చేసింది...

బంట్రోతు వచ్చాడు. పింగాణమ్మ లేచి నిలబడి, కొంగు సర్దుకుని, "నేనే," అంది. ఆయన ఈసారి హాస్యమాడలేదు. కాగితం తీసి, విచారణ ఏ రోజో, ఏ వేళకి రావాలో చదివి చెప్పి, రెండు చేతులతో అందించాడు. పింగాణమ్మా రెండు చేతులతో తీసుకుంది. మనిషి ఎత్తు సరుకు పెట్టెలు ఒంటరిగా దించుకున్న చేతులు అవి. ఆ కాగితాన్నీ అలాగే దించుకున్నాయి!

ఇంటికి వెళ్ళి కొడుకు ముందు నిలబడి చెప్పింది. దాచలేదు.

"కన్నకొడుకు మీద సాక్ష్యం చెబుతావా అమ్మా? నా కూతుర్ని నా నుంచి లాగేస్తావా?"

"నీ మీద చెప్పను నాన్నా. అడిగింది చెబుతాను. అబద్ధమాడమని నన్నడక్కు. ఇంకేమడిగినా ఇస్తాను... నా ప్రాణమడుగు, ఇస్తాను!"

వాడు కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. విచారణ రోజుదాకా తల్లితో మాట్లాడలేదు.

కోర్టు గదిలో పింగాణమ్మ కొడుకు వైపు ఒక్కసారి చూసింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. మొదటిసారి బడిలో దింపినప్పుడూ ఇలాగే కూర్చున్నాడు... ఆమె చూపు తిప్పుకుంది. న్యాయమూర్తి, ఆ సాయంత్రం ఏం జరిగిందమ్మా, అని అడిగింది.

"గడియ పెట్టింది నా కొడుకు. తలుపు తట్టింది నా కోడలు. పాప చెవులు మూసింది నేను," అంది పింగాణమ్మ.

అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. తక్కువా చెప్పలేదు. కొడుకు తల వంచుకున్నాడు. మళ్ళీ ఎత్తలేదు.

పాప తల్లి దగ్గర ఉండాలని, తండ్రి వారానికోసారి వచ్చి చూసుకోవచ్చని తీర్పు వచ్చింది. ఆ మాట విన్నాక కొడుకు అక్కడ ఉండలేక ముందే వెళ్ళిపోయాడు. పెద్దమ్మాయి తల్లిని దాటుకుంటూ వెళుతూ, "ఇవాళ్టితో నాకు పుట్టిల్లు లేదు," అని పోయింది.

కోర్టు మెట్ల దగ్గర కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "మాతో వచ్చెయ్యండత్తయ్యా! ఒక్క గదే, అయినా సర్దుకుందాం. ఆ ఇంట్లో మీకింక ఎవరున్నారు?"

"నీకు పాప ఉంది. వాడికెవరున్నారమ్మా?"

కోడలు వంగి ఆమె కాళ్ళకి దండం పెట్టి, అత్తగారి పక్కనున్న పాపని భుజానికెత్తుకుంది. ఎన్నాళ్ళకో దొరికిన ఆ భుజం మీద పాప మొహం దాచుకుని, రెండు చేతులూ తల్లి మెడ చుట్టూ బిగించేసింది. వీధి మలుపు తిరిగేదాకా పింగాణమ్మ చూస్తూనే ఉంది. పాప ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. వెనక్కి చూడలేదు.

ఆమె ఇంటికి వెళ్ళలేదు, కొట్టుకి వెళ్ళింది. కొడుకు సగం తెరిచిన తలుపు వెనక, విప్పని పెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. పింగాణమ్మ కొంగు బిగించి, ఒక పెట్టె విప్పి, గడ్డి దులిపి కప్పులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టసాగింది. వాడు వద్దనలేదు. కాసేపయ్యాక చెయ్యి చాచి ఆమె చేతిలోని కప్పు అందుకున్నాడు. అలా ఎంతసేపు గడిచిందో!

"అమ్మా..." కప్పు బల్ల మీద పెడుతూ అన్నాడు. "వెళ్ళేటప్పుడు పాప... నా కోసం చూసిందా?"

కన్నకొడుకు ఎదురుగా కూర్చుని ఉండగా, కోర్టులో అబద్ధమాడని మనిషి! చేతిలో కప్పుని చెంగుతో తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

"చూసింది నాన్నా," అంది. "మలుపు తిరిగేదాకా నీకోసమే వెనక్కి చూస్తూ వెళ్ళింది."