కరెంటు లేనప్పుడు లేచిన గీత

సెల్లార్‌లో మెట్ల కింద ఉన్న చిన్న గదిలో టంకమ్మ పని చేసుకునేది. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. పాడైన సర్క్యూట్ బోర్డులకి టంకం పెట్టి బతికించే మనిషి కాబట్టి బిల్డింగంతా ఆమెని టంకమ్మ అనే పిలిచేది. గది గోడకి అవతలే లిఫ్టు గొయ్యి. లిఫ్టు దిగినప్పుడల్లా ఆ గోడ సన్నగా వణికేది. గ్రీజు వాసన, నానిన సిమెంటు వాసన కలిసి లోపలికి వచ్చేవి.

ఆ సాయంత్రం టంకమ్మ మంచి హుషారుగా ఉంది. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న డిజిటల్ ఆసిలోస్కోపు కొంది. అరచేతికి కాస్త పెద్దది, బ్యాటరీ మీద నడిచేది, బాగా చవక రకం.

"ఇంతకీ ఏం చేస్తుందే ఇది?" అంది వదిన, ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ చుట్టడం ఆపకుండానే. టంకమ్మ అన్న పోయినప్పటి నుంచి వదిన ఇక్కడికే వచ్చి ఆ పని చేసిపెట్టేది.

"తీగలో కరెంటు ఎలా గెంతుతోందో మన కంటికి కనపడదు కదా వదినా. ఈ ప్రోబ్ మొన తగిలిస్తే గీత గీసి చూపిస్తుంది."

"మరి అంత చవకగా ఎందుకిచ్చారు?"

"గుణాలు అలాంటివి. ఈ గుండీ ఒక మెట్టు తిప్పితే రెండు మెట్లు దూకుతుంది. అట్టపెట్టె మీద రాసిన వేగంలో సగం కూడా అందుకోదు. ఆటో నొక్కావా, ఏమీ లేకపోయినా ఏదో ఒకటి గీసి చేతులు దులుపుకుంటుంది."

"అబద్ధాలకోరన్నమాట."

"ఆటోలో అంతే. సింగిల్‌లో పెడితే మాత్రం నోరు మూసుకుని కాపలా కాస్తుంది. నిజంగా ఏదైనా వస్తేనే దాన్ని పట్టుకుని తెర మీద ఆపేస్తుంది. అప్పుడు నమ్మొచ్చు."

ప్రోబ్‌ని ఊరికే గాల్లో వేలాడదీసింది. తెర మీద పచ్చటి గీత అలలు అలలుగా ఊగింది.

"దేనికీ తగిలించలేదుగా, ఇదేంటి?"

"గోడల్లో వైర్లున్నాయి కదా, వాటి మోత. గాల్లోంచే పట్టేస్తుంది. కరెంటు పోతే ఇదీ పోతుంది."

వదిన నవ్వింది. "మీ అన్నుంటేనా, ముందు ఆయనే లాక్కునేవాడు. ఇది నీ చేతిదాకా వచ్చేదే కాదు."

ఆ మాటతో టంకమ్మ చూపు గోడ మీదికి వెళ్లింది.

అన్న లిఫ్టు మెకానిక్. ఈ గోడ వెనకాలే, ఈ లిఫ్టు పైకప్పు మీదే పోయాడు. లిఫ్టు పెట్టె పైన ఒక స్విచ్ ఉంటుంది. మెకానిక్ ఎక్కగానే దాన్ని నొక్కితే లిఫ్టు ఇక కదలకూడదు. ఆ స్విచ్ మాటిమాటికీ మొరాయిస్తోందని ఎవరో దానికి అడ్డంగా తీగ ముక్క కలిపేశారు. ఇక అది నొక్కినా నొక్కనట్టే. స్విచ్ నొక్కాను కదా అన్న ధీమాతో అన్న పైన పని చేస్తుంటే, పై అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. లిఫ్టు పైకి లేచి అతన్ని గొయ్యి పైకప్పుకి నొక్కేసింది.

విచారణలో, లిఫ్టు మరమ్మతులు చూసే కాంట్రాక్టరు తడుముకోకుండా చెప్పాడు. "ఆ తీగ వాడే పెట్టుకున్నాడు సార్. తాగి పనికొచ్చేవాడు." అన్న జన్మలో చుక్క ముట్టలేదు. అయినా ఆ మాటే కాగితాల మీదికెక్కింది, వీధిలోకీ ఎక్కింది. తాగుబోతు పెళ్లాం అని వినబడేలా అన్నప్పుడల్లా వదిన తల దించుకునేది కాదు. ఆ మాటన్నవాళ్ల మొహం వంకే చూసి ఊరుకునేది.

అలాంటిది, ఆ సాయంత్రం వర్షంలో తడుచుకుంటూ కాంట్రాక్టరే ఆ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో లిఫ్టు బోర్డు.

"టంకమ్మా, కాస్త చూడమ్మా. లిఫ్టు దానంతటదే అంతస్తుల మధ్య ఆగిపోతోంది. అన్నీ మార్చాను. మెకానిక్కులేమో ఈ గొయ్యిలోకి దిగమంటే మేం దిగం అంటున్నారు, వెధవ భయాలు."

పొమ్మనడానికి నోరు తెరిచింది టంకమ్మ. ఏమనుకుందో, చెయ్యి చాచి బోర్డు తీసుకుంది. వదిన అటు తిరగలేదు. కాయిల్ చుట్టుకుంటూనే ఉంది.

అప్పుడే కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటైంది. లిఫ్టు మోటారు, పంపు, ట్యూబులైటు... అన్ని చప్పుళ్లూ ఒక్కసారి ఆగాయి. పైనుంచి వాన నీరు కారుతున్న చప్పుడు మాత్రం మిగిలింది. కాంట్రాక్టరు ఫోన్ టార్చి వెలిగించి పట్టుకున్నాడు. టంకమ్మ బోర్డుకి చిన్న బ్యాటరీ తగిలించి ఒక్కో చోటా ప్రోబ్ పెట్టి చూసింది. ఏ లోపమూ లేదు. బ్యాటరీ తీసేసి, ప్రోబ్‌ని బల్ల మీద పెట్టింది.

తెర మీద గీత తిన్నగా, కదలకుండా పడుకుంది. కరెంటు లేదు కదా.

అంతలో గీత లేచింది.

రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా. కాస్త ఆగి, ఇంకొకటి.

టంకమ్మ గోడ వైపు తిరిగింది. అన్న లిఫ్టు పైకప్పు ఎక్కే ముందు స్పానరుతో గొయ్యిలోని ఇనుప పట్టా మీద అలాగే కొట్టేవాడు. నేను పైన ఉన్నాను, ఎవరూ కదపకండి అని. ఈ గోడలోంచి ఎన్నిసార్లు వినలేదు తను!

ఆటోలో ఉంది, అబద్ధం గీస్తోంది అనుకుంది. గుండీ తిప్పింది. అది ఎప్పట్లాగే రెండు మెట్లు దూకింది. మళ్లీ వెనక్కి తిప్పి సింగిల్‌లో పెట్టింది. తెర ఖాళీ అయింది. స్కోపు కాచుకుని కూర్చుంది.

వాన చప్పుడు... ముగ్గురి ఊపిరి...

పట్టుకుంది. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. తెర మీద ఆగిపోయింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

ప్రోబ్ తీసి గోడ వైపు పట్టింది. గీత చిన్నగా లేచింది. వదిన వైపు పట్టింది. ఇంకా చిన్నగా, జోకొట్టినంత మెత్తగా. కాంట్రాక్టరు వైపు తిప్పింది.

గీత తెర దాటి పోయింది.

"ఏంటమ్మా అది?" అన్నాడతను.

"నాయిజ్. ఉత్త మోత." టంకమ్మ ప్రోబ్ దించలేదు. "ఒకటడుగుతాను, చెప్పండి. ఆ తీగ ముక్క పెట్టమన్నదెవరు?"

"ఇప్పుడా గొడవ దేనికి?"

"ఊరికే."

కాంట్రాక్టరు మొహం తుడుచుకున్నాడు. టార్చి వెనక చీకట్లో తన మొహం కనబడదన్న ధైర్యమో ఏమో, విసుగ్గా అనేశాడు. "నేనే పెట్టించాను. అందరూ చేసేదే. జరిగిందేదో జరిగిపోయింది. బతికున్నవాడి లైసెన్సు పోవడం కంటే, పోయినవాడి మీద తోసేస్తే ఎవరికి నష్టం?"

కాయిల్ చుట్టే చప్పుడు ఆగిపోయింది.

ప్రోబ్ కాంట్రాక్టరు వైపే ఉంది. కానీ గీత పడిపోయింది. ఎవరో ఊపిరి బిగబట్టినట్టు, తెరకి ఆ చివర నుంచి ఈ చివర దాకా చదునుగా...

"బోర్డు బాగానే ఉందన్నమాట. ఇలా ఇవ్వు. కరెంటు లేనప్పుడే పైకెక్కి తలుపు స్విచ్ చూసుకొస్తాను. ఇప్పుడైతే చచ్చినా కదలదు." బోర్డు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు.

టంకమ్మకి తెలుసు. కరెంటు లేకపోయినా ఆ గొయ్యిలో ఏదో ఉందని, అతని కోసమే కాచుకుని ఉందని, ఈ లోకంలో ఆ క్షణాన ఆమె ఒక్కదానికే తెలుసు. ఒక్క కేక చాలు. లేచి గుమ్మం దాకా వెళ్లింది. "ఆగండి" అనబోయింది.

మణికట్టు మీద చెయ్యి పడింది. వదినది. గట్టిగా ఏమీ పట్టుకోలేదు. ఊరికే వేసింది.

"పోనీ," అంది గుసగుసగా.

టంకమ్మ నోరు మూసుకుంది.

పైన తలుపు తెరిచిన చప్పుడు. లిఫ్టు పెట్టె మీద బూట్లు ఆనిన చప్పుడు. స్కోపు తెర ఖాళీగా కాచుకుని ఉంది. గ్రీజు వాసన ఎక్కువైంది. ఎంత ఎక్కువైందంటే, గదిలో పనిబట్టలతో మనిషి నిలబడ్డట్టే ఉంది. వదిన కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చింది.

ఠంగ్ ఠంగ్... ఠంగ్.

ఈసారి గీత కాదు. చప్పుడే. గోడలోంచి.

"ఎవర్రా అది?" పైనుంచి కాంట్రాక్టరు గొంతు. "ఎవరు కొడుతున్నది?"

గోడ వణకసాగింది. మోటారు చప్పుడు లేదు. ఇనుప తాళ్లు మూలిగాయి... లిఫ్టుకి ఎదురుగా వేలాడే బరువు దిమ్మ కిందికి జారుతున్న రాపిడి... లిఫ్టు లేస్తోంది. నెమ్మదిగా. మనిషికి అంతా అర్థమయ్యేంత నెమ్మదిగా.

"ఆపండి! అమ్మా, టంకమ్మా... ఆపండి!"

కేక పైకి, పైపైకి వెళ్లింది. తెగిపోయింది.

స్కోపు దేన్నో పట్టుకుని ఆపింది. టంకమ్మ అటు చూడకుండానే దాని బ్యాటరీ పీకేసింది.

విచారణకి వచ్చిన అధికారి తల పట్టుకున్నాడు. వీధిలో కరెంటు లేదు. బ్రేకు బిగిసే ఉంది. లిఫ్టు ఎలా లేచిందో ఎవరూ చెప్పలేకపోయారు. గదిలో అతనన్న మాటలు వదిన చెప్పింది, టంకమ్మా చెప్పింది. పాత విచారణ తిరగదోడారు. తీగ ఎవరు పెట్టించారో తేలింది. అన్న పేరు మీద మచ్చ తుడిచేశారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ వదిన వీధి మధ్యలో, నింపాదిగా నడిచింది. తాము మూసుకున్న నోటి సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. ఒకరితో ఒకరు కూడా అనుకోలేదు.

లిఫ్టు మళ్లీ నడిచింది. కొత్త మెకానిక్ వచ్చి అంతా బిగించాడు. ఆరుగురు పట్టే లిఫ్టు. ఆరుగురూ ఎక్కి తిరుగుతున్నారు, ఏ తంటా లేదు.

ఓ పొద్దున వదిన పై అంతస్తుకి వెళ్లాలని ఎక్కింది. ఒక్కతే. అధిక బరువు గంట మోగింది. తలుపు పడలేదు. దిగితే ఆగింది. టంకమ్మ ఎక్కి చూసింది. మళ్లీ మోగింది. మెకానిక్‌ని పిలిపించారు. అతను ఎక్కితే మోగలేదు. మీటరు పెట్టి అంతా చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఇది బాగానే ఉందమ్మా. మీ ఒక్కరితో పాటు ఇంకో ఇద్దరెక్కినా ఇది మోగదు. ఏడెనిమిది మంది బరువు పడాలి." తర్వాత నవ్వాడు. "ఎంతమందిని వెంటేసుకు తిరుగుతున్నారేంటి?"

టంకమ్మకి నవ్వు రాలేదు, ఆ సాయంత్రం తాము మూసుకున్న నోరే గుర్తొచ్చింది. ఆమె లిఫ్టులోకే చూస్తోంది. మళ్లీ ఎక్కిన వదిన, మోగుతున్న గంట కింద ఒక్కతే నిలబడి ఉంది. కొంగు దగ్గరికి లాక్కుని, ఎవరికో చోటిస్తున్నట్టు మూలకి జరిగింది... ఇంకాస్త జరిగింది...