రోతముడి

2091 నాటికి భీమిలిలో పెళ్లికి మూడు ముళ్లు చాలడం లేదు. నాలుగోది చెవి వెనక, వీలునామా కేంద్రంలో పడుతోంది. దాని పేరు రోతముడి. కనిపెట్టినావిడ నాడీశాస్త్రవేత్త డాక్టర్ హైమవతి.

భార్యాభర్తలు ఒకే మాటలతో రాసుకునే జంట వీలునామాలు ఎప్పటినుంచో ఉన్నవే. నా తర్వాత అంతా నీకు, నీ తర్వాత పిల్లలకు. చిక్కల్లా ఒకరు పోయాకే వచ్చేది. మిగిలినవాళ్లు ఇంకో వీలునామా రాసేస్తే, ఇదేమిటని అడగడానికి పోయినవాళ్లు తిరిగి రారు. అందుకని హైమవతి బియ్యపుగింజంత జీవచిప్‌ను తయారుచేసింది. మెదడులో అసహ్యాన్ని పుట్టించే ఇన్సులా అనే భాగానికి అది సంకేతాలు పంపుతుంది. మాట తప్పాలన్న నిర్ణయం మనసులో రూపుకట్టగానే కుళ్లిన చేపల కంపు ముక్కులో నిండుతుంది. కడుపులో దేవేస్తుంది.

"నొప్పి పెడితే సరిపోయేది కదా మేడమ్?" అని ఆమెతో పనిచేసే ఇంజనీరు కరీముల్లా మొదట్లోనే అడిగాడు.

"నొప్పిని మనిషి ఓర్చుకుంటాడు. పైగా గొప్పగా చెప్పుకుంటాడు. రోతను ఎవరూ ఓర్చుకోరు" అంది హైమవతి.

చట్టం కూడా ఆ నమ్మకం మీదే నిలబడింది. ముడి పనిచేస్తుండగా, కేంద్రం అధికారుల ఎదుట, తన చేత్తో కొత్త వీలునామా రాసి సంతకం పెట్టగలిగితే అది చెల్లుతుంది. పదకొండేళ్లలో ఒక్కరూ పెట్టలేకపోయారు.

భార్య సునంద పోయిన ఏడాదికి విభాకర్ అనే ఆయన వచ్చి ముడి తీసేయమన్నాడు.

"ఇద్దరూ ఒప్పుకుంటేనే తీస్తామండీ. ఆవిడ లేరు కదా" అంది హైమవతి.

ఆయన వాదించలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం మళ్లీ వచ్చాడు. చేతిలో స్టీలు బేసిన్, భుజం మీద తువ్వాలు, సీసాలో జీలకర్ర నీళ్లు. నోటీసు అందుకుని ఇందుజ కూడా వచ్చింది. సునందకు మొదటి పెళ్లిలో పుట్టిన కూతురు. నాలుగేళ్లప్పుడు తల్లితోపాటు ఆ ఇంటికి వచ్చింది. అప్పటినుంచీ విభాకర్‌ను నాన్నా అనే పిలుస్తోంది. తల్లీకూతుళ్లు సముద్రంలో తాళ్లు కట్టి పెంచిన నాచుతోటే వాళ్లకున్న ఆస్తి. ఆ తాళ్ల ఒరుపు ఇందుజ అరచేతుల మీద ఇంకా కనిపిస్తోంది.

"ఏటి నాన్నా ఇది? అమ్మ రాసిందీ ఇదే, నువ్వు రాసిందీ ఇదేగదా."

"సౌదామినిని చేసుకుంటున్నానమ్మా. ఆవిడకేదో ఒకటి చూపించాలి గదా. ఎంతైనా నువ్వు..." అని ఆగి, ఆయన తువ్వాలు సవరించుకున్నాడు.

కరీముల్లా తెర మీద గీతలు చూసి, ముడి సరిగ్గానే పనిచేస్తోందన్నాడు.

విభాకర్ కలం పట్టుకున్నాడు. 'నాచుతోట' అని రాయగానే ముఖం పచ్చబడింది. బేసిన్‌లోకి వంగి భళ్లున కక్కాడు. మూతి తుడుచుకుని, నీళ్లు పుక్కిలించి, ఇంకో మాట రాశాడు. మళ్లీ వంగాడు. గదంతా పులిసిన వాసన. హైమవతి ముక్కుకు చీరకొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎలా చేయగలుగుతున్నారు?" అని అడిగింది.

"పొద్దున్నే లేచి, ఈ పిల్లకి ఇవ్వకూడదని గట్టిగా అనుకునేవాణ్ణి. కక్కి, ముఖం కడుక్కుని, ఉప్మా తినేవాణ్ణి. మూడో నెలకి అనుకోవడం తేలికైపోయింది. రాయడానికే ఇంకో అయిదు నెలలు పట్టింది" అన్నాడు ఆయన, యోగాసనాల గురించి చెబుతున్నట్టు.

మూడోసారి వంగినప్పుడు పొలమారి ఊపిరి అందలేదు. ఇందుజ చటుక్కున లేచి ఒక చేత్తో ఆయన నుదురు పట్టుకుంది, రెండో చేత్తో వీపు రాసింది.

"మెల్లగా నాన్నా, మెల్లగా."

"చాలమ్మా" అని ఆయన ఆమె చెయ్యి పక్కకు తీసి, సంతకం పూర్తిచేశాడు.

ఇందుజ ఆ కాగితం చదవలేదు. బేసిన్ తీసుకుని మూలనున్న కుళాయి దగ్గరకు వెళ్లి కడగసాగింది.

ముద్ర వేయాల్సింది హైమవతే. వేసింది. కడుపులో వికారం గొంతుదాకా వచ్చి ఆగింది. ఆమె చెవి వెనక ఏ చిప్పూ లేదు.

"వీలునామా చెల్లుతుంది. ఇక వెళ్లండి" అంది, ఆయన ముఖం చూడకుండా.

విభాకర్ కదల్లేదు. కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు.

"వచ్చే గురువారం టైమిస్తారా? సౌదామినీ నేనూ జంట వీలునామా రాసుకోవాలి."

"మీకా? మళ్లీ ముడా?"

"ఇద్దరికీ వేయండి. కానీ ఆవిడది మాత్రం కాస్త గట్టిగా బిగించండి డాక్టర్‌గారూ. ఇప్పుడున్నది చాలదు. మనిషన్నవాడు దేనికైనా అలవాటు పడిపోతాడు."