నంబర్ త్రీకి పదికి ఒకటి

భోజనం బెల్లు కొట్టి పది నిమిషాలైనా రేడియో ఇంకా టిఫిన్ డబ్బా తెరవలేదు. ఆఫీసు గది పక్కన గోడపత్రిక బోర్డు ముందు నిలబడి, తను రాసిన కాగితానికి నాలుగో గుండుసూది గుచ్చుతోంది.

రేడియో అంటే అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. బడిలో చేరిన మొదటిరోజే గంటసేపు ఆపకుండా మాట్లాడేసరికి క్లాసు వాళ్ళు పెట్టారు. ఇప్పుడు ఇంట్లో కూడా అదే పిలుపు. పదేళ్ళ ఆ పిల్లకి దాని మీద కోపమేమీ లేదు.

ప్రతి సోమవారం గోడపత్రికలో ఆటల పేజీ ఆమెదే. శనివారం ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆట చూడటం, ఆదివారం కూర్చుని దాని గురించి రాయడం, ఒక్కో ఆటగాడికి పదికి ఇన్ని అని మార్కులు వేయడం. పోయిన ఏడాది ఆ పని సరదాగా ఉండేది. అప్పుడు జట్టు మూడో స్థానంలో నిలిచింది. ఈ ఏడాది సీజన్ మొదలై అయిదు ఆటలయ్యాయి. నాలుగు ఓడారు, ఒకటి సమం చేశారు. రెండు గోల్స్ కొట్టి, పదకొండు ఇచ్చారు. పట్టికలో ఊరి పేరు వెతకాలంటే కింది నుంచి చదువుకుంటూ రావాలి.

చూసేవాళ్ళు కూడా అలిసిపోయారు. మొదట్లో "కొత్తవాళ్ళు వచ్చారు కదా, కుదురుకోవాలి" అన్నవాళ్ళే ఇప్పుడు హాఫ్ టైమ్‌కి ప్యాంట్లు దులుపుకుని లేచిపోతున్నారు. రేడియోకీ విసుగొచ్చేసింది. విసుగు పుట్టిన మనిషి నోరు ఊరికే ఉండదు, ఎవరో ఒకరు కావాలి తిట్టడానికి. ఆమెకి నంబర్ త్రీ దొరికాడు.

కాగితంలో ఇలా ఉంది: "నంబర్ 3కి పదికి ఒకటి. గోల్స్ ఎక్కువగా ఇతని వైపు నుంచే వస్తున్నాయి. ఎప్పుడు చూసినా జారి పడుతున్నాడు. ఇతనికి ఆట సంగతి తర్వాత, ముందు నిలబడటం నేర్పాలి."

"ఆ ఒకటి మాత్రం ఎందుకు వేశావే?" అంది పక్కనే ఉన్న సోడాబుడ్డి. మందపాటి కళ్ళద్దాలు పెట్టుకునే ఆ పిల్ల రేడియోకి ప్రాణస్నేహితురాలు.

"బూట్లు మర్చిపోకుండా తెచ్చుకున్నాడు కదా, అందుకు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే పోస్ట్‌మన్, భుజాన ఉత్తరాల సంచితో నిలబడి ఉన్నాడు. బడికి ఉత్తరాలు తెచ్చేది ఆయనే. శనివారం అయ్యేసరికి ఎర్ర చొక్కా వేసుకుని, మూడో నంబరుతో ఎడమ వైపు కాపు కాసేదీ ఆయనే. ఆ జట్టులో అందరూ అంతే. వారమంతా ఎవరి పని వాళ్ళది, శనివారం ఆట.

ఆయన కాగితం మొత్తం చదివాడు. సోడాబుడ్డి మెల్లగా రేడియో వెనక్కి నక్కింది.

"నీ చేతిరాత ముత్యాల్లా ఉంది పాపా" అన్నాడు ఆయన. భుజాన సంచి సర్దుకుని, "పొద్దున్నే లేచింది మొదలు తిరిగే కాళ్ళు కదా. పట్టు తప్పాయేమో. నువ్వు రాసింది నిజమే అయుంటుంది" అన్నాడు.

ఆయన కోప్పడి ఉంటే రేడియో కూడా నాలుగు మాటలనేసి మర్చిపోయేది. కోప్పడలేదు. ఆఫీసులో ఉత్తరాలిచ్చి, కాళ్ళీడ్చుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు రేడియో టిఫిన్ డబ్బా సగంలోనే మూసేసింది.

గురువారం సాయంత్రం నాన్న పని నుంచి వచ్చి, బురద చెప్పులు బయటే విడిచి, అరుగు మీద కూలబడ్డాడు. ఆయన ఊరి గ్రౌండు చూసుకుంటాడు. గడ్డి కోయడం, నీళ్ళు పెట్టడం, తెల్ల గీతలు గీయడం అన్నీ ఒక్కడే. లోపల గదిలో రేడియో, సోడాబుడ్డి లెక్కలు చేసుకుంటున్నారు.

"పోస్ట్‌మన్ ఈ వారం ప్రాక్టీసుకి రాలేదు" అన్నాడు నాన్న అమ్మతో, చెంబెడు నీళ్ళూ తాగి. "చొక్కా తిరిగిచ్చేస్తాడట. పద్నాలుగేళ్ళుగా ఆడుతున్న మనిషి. కాళ్ళలో పట్టు పోయిందట, ఇక తన వల్ల కాదట. నిండా ముప్పయ్యేళ్ళు లేవు, ఏం మాటలో."

నాన్న స్నానానికి వెళ్ళిపోయాడు. రేడియో పెన్సిల్ కింద పెట్టేసింది. ఆ మాటలు ఎక్కడ పుట్టాయో ఆమెకి తెలుసు.

"నేను లేనిది రాయలేదు" అంది సోడాబుడ్డితో. "నిమిషాలతో సహా రాసుకున్నాను. కావాలంటే చూడు."

ఆటల నోట్‌బుక్ తీసి ముందు పడేసింది. సోడాబుడ్డి లెక్కల్లో దిట్ట. కళ్ళద్దాలు పైకి తోసుకుని వేలితో ఒక్కో వరుసా చదివింది.

"పక్క ఊళ్ళలో రెండు ఆటలు ఆడారు కదా. అక్కడ ఎన్నిసార్లు జారాడు?"

రేడియో వెతికింది. "ఒక్కసారి కూడా లేదు."

"మన గ్రౌండులో?"

"మూడు ఆటల్లో ఆరుసార్లు."

"ఆరూ మొదటి సగంలోనే ఉన్నాయి, చూడు. రెండో సగంలో ఒక్కటీ లేదు. కాళ్ళు అలిసిపోతే ఆఖర్లో జారాలి గానీ, మొదట్లోనే ఎందుకు జారతాడే?"

రేడియో పేజీ తన వైపు తిప్పుకుంది. ఆమె కళ్ళు పేజీ అడుగున ఆగిపోయాయి. తన చేతిరాతే. "52వ నిమిషం. వాళ్ళ నంబర్ త్రీ బోర్లా పడ్డాడు, హహ్హహ్హ. మన గోల్." మరో ఆటలో, "71వ నిమిషం. వాళ్ళ నంబర్ త్రీ సర్రున జారాడు. మన అదృష్టం, గోల్."

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి. మొదటి సగంలో మన నంబర్ త్రీ కాపు కాసిన మూలలోకి, రెండో సగంలో అవతలి జట్టు నంబర్ త్రీ వస్తాడు. మన కెప్టెన్‌కి ఒక సెంటిమెంట్ ఉంది. టాస్ ఎవరు గెలిచినా సరే, బతిమాలో బామాలో మొదటి సగం, నాన్న సామాన్లు పెట్టుకునే షెడ్డు వైపు గోలే తీసుకుంటాడు. అంటే పడ్డవాళ్ళందరూ పడింది ఒక్కచోటే, షెడ్డు పక్క మూలలో.

"మనవాడు పడితే తప్పని రాశాను" అంది రేడియో మెల్లగా. "వాళ్ళవాడు పడితే అదృష్టమని రాశాను. అక్కడ ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు."

"గ్రౌండు బాగాలేదన్నమాట. మరి ఈ సంగతి చెప్పేస్తే సరిపోతుందిగా?"

రేడియో నోట్‌బుక్ మూసేసింది. గ్రౌండు చూసుకునేది నాన్న. చెప్పకపోతే పోస్ట్‌మన్ ఆట మానేస్తాడు. చెబితే ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టిన నోళ్ళన్నీ నాన్న మీద పడతాయి. ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె ఒక్క మాటా మాట్లాడకపోయేసరికి అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

తెల్లవారి నాన్నతో పాటు తనూ గ్రౌండుకి బయల్దేరింది. నాన్న పైపు తెచ్చేలోగా షెడ్డు పక్క మూలకి వెళ్ళి నిలబడింది. పైకి గడ్డి పచ్చగా, మిగతా గ్రౌండు కంటే అందంగా ఉంది. మడమ గట్టిగా నొక్కేసరికి సగం బూటు లోపలికి దిగబడింది.

నాన్న చూశాడు. పైపు కింద పడేసి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎండాకాలంలో ఇక్కడ తవ్వి కొత్త నీళ్ళ గొట్టం వేశారు" అన్నాడు. "మట్టి పైపైన కప్పేసి పోయారు. మళ్ళీ తవ్వి, ఇసుకా గట్టిమట్టీ వేసి కొట్టాలని పంచాయతీ ఆఫీసులో రెండుసార్లు చెప్పాను. సీజన్ అయ్యాక చూద్దామన్నారు."

"మూడోసారి చెప్పలేదా?"

"లేదమ్మా. చెప్పిచెప్పి విసుగొచ్చింది." నాన్న ఆమె వైపు చూడలేదు. "అందరూ ఆ అబ్బాయినే అంటున్నారు. నన్ను అనడం లేదు కదా అని ఊరుకున్నాను. తప్పే. రోజూ ఈ మూల దగ్గరికొచ్చేసరికి మనసు పీకుతూనే ఉంది."

రేడియో దిగబడిన బూటు బయటికి లాగింది. "నేనూ ఆయన్నే అన్నాను నాన్నా. అందరికంటే గట్టిగా. గోడపత్రికలో పెట్టాను. ఆయన నా ముందే చదివాడు."

నాన్న ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. బూటుకంటిన బురద గడ్డితో తుడిచి, "నోట్‌బుక్ తెచ్చావా? పద" అన్నాడు.

కోచ్‌కి గ్రౌండు గేటు ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే షాపుంది. ఆయన అప్పుడే తలుపు తీస్తున్నాడు. సంగతంతా విని నిట్టూర్చాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట పాపా. ఓడిన ప్రతి జట్టూ గ్రౌండు మీదే నెడుతుంది."

"ఈ మద్దెల నిజంగానే ఓడు సార్" అన్నాడు నాన్న. "నాకు ముందే తెలుసు. నోరు తెరవలేదు. ఆ అబ్బాయి మాటలు పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను."

కోచ్ నాన్నని ఎగాదిగా చూశాడు. గట్టిగా నాలుగు అనేస్తాడని రేడియో భయపడింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని నోట్‌బుక్ ఆమూలాగ్రం చదివాడు.

"నువ్వు మూడోసారి చెప్పాల్సింది. అతను రెండోసారి జారినప్పుడైనా నేను ఆ మూలకెళ్ళి చూడాల్సింది" అన్నాడు నాన్నతో. "ఇవాళ ఆఫీసుకి ఇద్దరం వెళదాం. రేపటికి పూర్తిగా కాదు, పైన ఇసుకైనా వేయిద్దాం." తర్వాత రేడియో వైపు తిరిగాడు. "ఒకటి గుర్తుంచుకో పాపా. పదకొండు గోల్స్‌లో ఆ మూల నుంచి వచ్చినవి అయిదే. మిగతా ఆరూ మా నిర్వాకం. జట్టు ఇంకా కుదురుకోలేదు. అదీ రాసుకో."

"పోస్ట్‌మన్ అన్నకి మీరు చెప్తారా సార్?"

"నేను చెబుతాను. కానీ ఆ కాగితం నేను రాయలేదు కదా."

శుక్రవారం భోజనం బెల్లు కొట్టగానే రేడియో బోర్డు దగ్గరికి పరిగెత్తింది. పాత కాగితం పీకేసి కొత్తది పెట్టింది. ఆఫీసు ముందు నిలబడింది. పోస్ట్‌మన్ రావడం ఆలస్యమైంది. ఎండలో నడిచొచ్చి, సంచి దింపి చెమట తుడుచుకుంటుంటే ఎదురెళ్ళింది.

"అన్నా, ఒక్కసారి ఇది చదవరా?"

"మళ్ళీనా?" అని నీరసంగా నవ్వాడు. అయినా చదివాడు.

"పోయిన సోమవారం నేను రాసింది తప్పు. నంబర్ 3 జారింది కాళ్ళ వల్ల కాదు. షెడ్డు పక్క మూలలో నేల మెత్తగా ఉంది. అక్కడ అవతలి జట్టు నంబర్ 3 కూడా రెండు ఆటల్లో పడ్డాడు. అప్పుడు నేను నవ్వాను. ఇదంతా నా నోట్‌బుక్‌లోనే ఉంది. సరిగ్గా చదువుకోకుండా మార్కులు వేశాను."

కింద ఆమె సంతకం ఉంది.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "రెండో సగంలో నేను ఒక్కసారి కూడా జారలేదా?"

"లేదన్నా. పక్క ఊళ్ళలో కూడా జారలేదు. అన్నీ వెతికాం."

ఆయన రెండు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "నాలుగు రోజులుగా ఈ కాళ్ళనే తిట్టుకుంటూ తిరుగుతున్నాను పాపా" అన్నాడు.

"నన్ను క్షమించన్నా."

ఆయన తలూపాడు. సంచి ఎత్తుకుని ఉత్తరాలివ్వడానికి లోపలికి వెళ్ళాడు. ఆడతాడో లేదో మాత్రం చెప్పలేదు.

శనివారం ఎర్ర చొక్కాల వరసలో నంబర్ త్రీ ఉన్నాడు. మూలలో కొత్త ఇసుక మీద ఆచితూచి అడుగేస్తూ, తొంభై నిమిషాలూ ఒక్కసారి కూడా పడలేదు. అయినా జట్టు ఓడిపోయింది. నడి మైదానంలో బంతి పోగొట్టుకుని ఒక గోల్ ఇచ్చారు. ఆఖరి నిమిషంలో నంబర్ నైన్, గోల్‌కీపర్ కూడా లేని ఖాళీ గోల్ ముందు నిలబడి బంతిని పక్కకి తన్నాడు. జనం ఉసూరుమంటూ లేచారు. మళ్ళీ అదే ఓటమి, మళ్ళీ అదే ఇంటిదారి.

"ఏమ్మా రేడియో" అన్నాడు వెనక వరస పెద్దాయన. "ఆ నంబర్ నైన్‌గాడికి ఎంతేస్తున్నావు? సున్నా వెయ్యి, పీడా పోతుంది."

"ఇప్పుడే తెలీదు తాతయ్యా" అంది రేడియో.

ఆమెకీ ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ బంతిని సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసేసి తన్నినా లోపలికి పోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

మెట్లు దిగి గీత దాకా వెళ్ళింది. నంబర్ నైన్ బెంచీ మీద తలవంచుకుని కూర్చుని ఉన్నాడు. బడి యూనిఫాములు కుట్టే టైలర్ ఆయన. చిన్న బూటు ముందుకొచ్చి ఆగడం చూసి, తిట్లకి సిద్ధపడినట్టు భుజాలు బిగించాడు.

"అన్నా, ఆ బంతి ఎందుకు పక్కకెళ్ళింది?" అని అడిగింది రేడియో.

ఆయన తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. వెక్కిరింపేమీ కనిపించలేదు. కాస్త పక్కకి జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

రేడియో కూర్చుని, ఆయన చెప్పేదాకా ఆగింది.