జల్లెడలో నిలవని పేరు

"ఇంకోసారి చెప్పమ్మా, నీ నోటికి ఎలా వస్తే అలా," అన్నారు అహల్య గారు.

తరళ నవ్వాపుకుంటూ బల్ల మీది పెట్టె దగ్గరికి వంగింది. "మా హాస్టల్ సాంబారండీ బాబూ, అందులో ముక్క దొరికిన పిల్లకి లాటరీ తగిలినట్టేనండాయ్!"

పెట్టె కాసేపు గుర్రుమంది. తర్వాత ఆడో మగో, పెద్దో చిన్నో తెలియని గొంతుతో పలికింది: "హాస్టల్ సాంబారులో కూరగాయలు తక్కువ. చెప్పినవారు స్వయంగా చూశారు."

"అయ్యో, నా లాటరీ ఏమైందండీ?"

"పొట్టుతో పాటు పోయింది," అని నవ్వారు అహల్య గారు.

భగవంతుడు ప్రతి గొంతుకూ ఒక ముద్ర వేసి పంపాడు. చీకట్లో దగ్గినా సరే, దగ్గింది మన అమ్మమ్మో పక్కింటావిడో చెప్పేస్తాం. అహల్య గారి ఈ పెట్టె, అంటే మాటజల్లెడ, ఆ ముద్రనే చెరిపేస్తుంది. గొంతు, యాస, ఊతపదం, మాటకీ మాటకీ మధ్య తీసే ఊపిరి, అన్నీ పొట్టులా ఎగిరిపోయి విషయం ఒక్కటే గింజలా మిగులుతుంది. చెప్పింది కంటితో చూశారా, ఒకరు చెప్పగా విన్నారా అన్నది నాలుగు ఎదురుప్రశ్నలు వేసి తేలుస్తుంది. ఆ వెంటనే అసలు మాటను తనలోంచి పూర్తిగా తుడిచేస్తుంది. ఆ తర్వాత దాన్ని తయారుచేసిన అహల్య గారు అడిగినా చెప్పలేదు.

ఇంత అవసరం ఎందుకొచ్చిందంటారా? సముద్రం కాకినాడలో సగం వీధులు మింగిన రోజులవి. విద్యార్థి పత్రికల చట్టం అప్పటికే వచ్చింది. కాలేజీ గోడ మీద అతికించే పత్రికను ప్రిన్సిపాలైనా చింపకూడదు. వార్త ఎవరిచ్చారని పిల్లల్ని నిలదీయకూడదు. అయితే ఎవరి మీద రాస్తున్నారో వాళ్ళకు ముందు చదివి వినిపించి, వాళ్ళ మాట కూడా రాయాలి. తప్పు రాస్తే అదే గోడ మీద, అంత పెద్ద అక్షరాలతోనే దిద్దుకోవాలి. చట్టం బాగానే ఉంది. కానీ ఒక వంటపిల్ల చెప్పిన సంగతి గోడపత్రికలో వచ్చినప్పుడు, తరళ ఆమె పేరు రాయకపోయినా, ఆ పిల్ల ఊతపదం పట్టించేసింది. మర్నాడు ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ పిల్ల మూట కట్టుకుని వెళ్ళడం చూసి ఫిజిక్స్ చెప్పే అహల్య గారు ఈ యంత్రానికి పూనుకున్నారు.

జల్లెడను మెట్ల కింది గదిలో పెట్టిన వారానికే మొదటి పెద్ద వార్త వచ్చింది. 'కిటికీ' పత్రికకు సంపాదకురాలు కాబట్టి పెట్టె అచ్చేసి ఇచ్చిన కాగితాన్ని తరళే విప్పి చదివింది.

"హాస్టల్లో ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రానికి కొత్త వడపోత పొరలు వేయడం లేదు. వేసినట్టు కాంట్రాక్టర్ త్రిమూర్తులు కాగితం ఇస్తే మెస్ మేనేజర్ సంతకం పెడుతున్నారు. సంతకం పెట్టిన రోజు మేనేజర్ భోజనం చేయలేదు. చెప్పినవారు స్వయంగా చూశారు."

తరళ ఆ కాగితాన్ని రెండోసారి చదువుకుంది. గదిలో తనతో ఉండే పిల్ల కడుపునొప్పితో ఆసుపత్రిలో ఉంది. ఆ పిల్లకు పొద్దున్నే జావ కాచి పంపిస్తున్నది మెస్ మేనేజర్ సూర్యచంద్రం గారే. తల్లి లేని తరళకు పరీక్షలప్పుడు పెరుగు విడిగా దాచి పెట్టేదీ ఆయనే. ఇప్పుడు ఆయన మీద రాసిన వార్తను ఆయనకే చదివి వినిపించాలి. దేవుడికి దణ్ణం పెట్టుకుని వంటింట్లోకి నడిచింది.

"రా తల్లీ. వేడి వేడి పులుసన్నం, రుచి చూడు."

"తర్వాత తింటాను బాబాయ్. మీ మీద ఒక వార్త వచ్చింది. గోడెక్కించే ముందు మీ మాట వినాలి."

ఆయన గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, స్టూలు మీద కూర్చున్నారు. "చదువమ్మా."

మొదటి వాక్యం చదివింది. ఆయన నేల చూశారు. రెండోది చదివి తరళ ఆగిపోయింది.

"నిజమేనమ్మా. సంతకం నాదే. పెట్టకపోతే ఇంకో మేనేజర్ని తెస్తానన్నాడు త్రిమూర్తులు. భయపడ్డాను. అలాగే రాసేయ్. మేనేజర్ అని ఊరుకోక పేరు కూడా రాయి, మూడు హాస్టళ్ళకి ముగ్గురం ఉన్నాం. మిగతావాళ్ళకి మచ్చ రాకూడదు." తర్వాత చిన్నగా అన్నారు: "ఆ అన్నం తినని సంగతి మటుకు తీసేయ్ తల్లీ. అదేం వార్త?"

తరళ చేతిలోని కాగితం వైపు చూసుకుంది. మూడో వాక్యం తాను ఇంకా చదవనే లేదు.

నోరు జారానని ఆయనకూ తెలిసిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొయ్యి మీద పులుసు పొంగి చుయ్యిమంది.

"నాకేమీ తెలియదు బాబాయ్," అంది తరళ.

"ఆయ్. అదే మంచిదమ్మా," అని ఆయన పొయ్యి దగ్గరికి వెళ్ళారు.

మూడో వాక్యం లేకుండా వార్త గోడెక్కింది. మధ్యాహ్నానికల్లా కొత్త పొరలు వచ్చాయి. నాలుగు రోజుల్లో పిల్లల కడుపులు కుదుటపడ్డాయి. ప్రిన్సిపాల్ మంగతాయారు గారు తరళను పిలిచి, "నాకొక్కదానికి చెప్పవే, ఎవరే?" అని బతిమాలారు. "చట్టం ఒప్పుకోదు మేడమ్. పెట్టెకేమో గుర్తులేదు," అని తరళ బయటపడింది.

విచారణ పెట్టారు. కొత్త చట్టంలో ఒక దయగల మాట ఉంది: తప్పులో పాలున్నా సరే, దాన్ని తానే బయటపెట్టినవారికి శిక్ష లేదు, ఉద్యోగమూ పోదు. విచారణాధికారి అద్దాలు సవరించుకుని, "ఆ సంగతి చెప్పినవారు ఈ గదిలో ఉంటే లేవవచ్చు," అన్నారు.

కుర్చీ కిర్రుమంది. లేచింది కాంట్రాక్టర్ త్రిమూర్తులు.

"నేనేనండి. అంతరాత్మ నిద్రపోనివ్వలేదండి," అని కళ్ళు ఒత్తుకున్నాడు.

"కాదని చెప్పగలవారున్నారా?"

అహల్య గారు లేచారు. "యంత్రంలో ఏమీ మిగలదండి. మిగలకూడదనే చేశాను."

చట్టం ప్రకారం చెప్పినవారు ఒప్పుకుంటే సంపాదకులు నోరు విప్పవచ్చు. తరళ వెనక బెంచీ వైపు తిరిగింది. సూర్యచంద్రం గారు ఒక్కసారి తల ఊపితే చాలు. ఆయన చూశారు. మెల్లగా, అడ్డంగా తల తిప్పారు.

త్రిమూర్తులుకు కాంట్రాక్టు నిలబడింది. నిజాయితీకి మెచ్చి శాలువా కూడా కప్పారు. సూర్యచంద్రం గారి ఉద్యోగం పోయింది.

ఆ వారం 'కిటికీ'లో తరళ ఇలా రాసింది: "వార్త తానే ఇచ్చానని కాంట్రాక్టర్ చెప్పుకున్నారు. ఇచ్చినవారెవరో ఈ పత్రిక చెప్పదు. అవునని అనదు, కాదని అనదు." ఆ 'కాదు' అన్న మాట రాయకుండా వేళ్ళు ఆపుకోవడానికి ఆమె పడ్డ బాధ ఆ పైవాడికే తెలియాలి.

ఆదివారం వెతుక్కుంటూ జగన్నాథపురం వెళ్ళింది. వంతెన దిగువన పెసరట్టు బండి దగ్గర సూర్యచంద్రం గారు పిండి రుబ్బుతున్నారు.

"ఎందుకు బాబాయ్ తల ఊపలేదు?"

"ఊపితే ఆ పూట నేను గట్టెక్కేవాణ్ణే. కానీ నేనే ఒప్పుకున్నానని బయట ఎవరికి తెలుస్తుంది? రేపు ఏ వంటపిల్లకో కష్టం వస్తుంది. 'ఆ పెట్టెని నమ్మకే, పత్రిక రాసే పాపగారికి జాలేస్తే పేరు చెప్పేస్తారంట' అనుకోదూ? ఇంక ఆ గది గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"త్రిమూర్తులుకి శాలువా కప్పారు!"

"కప్పనీ. రోహిణి కార్తె వస్తోందిగా, ఆయనే విప్పేస్తాడు."

తరళకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి పొలమారింది. ఆయన గబగబా కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచారు. ఇవ్వబోయి ఆగారు. ముందు తానొక గుక్క తాగి, నాలుక మీద కాసేపు నిలిపి చూసుకున్నారు. అప్పుడు ఇంకో గ్లాసు కడిగి, నిండా ముంచి ఆమె చేతికిచ్చారు.

"ఇప్పుడు తాగు తల్లీ."