బురదలో ఆఖరి రౌండు

మొదటిసారి కలిసినప్పుడు ఆమె అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది. పక్కనుంచి కాదు, పైనుంచి.

వాన వెలిసిన ఉదయం, పెద్ద పార్కులో సైకిల్ పందెం. రోడ్డు మీద జరిగేది కాదు, సైక్లోక్రాస్. గడ్డి, బురద, ఇసుక గుంట, మధ్యమధ్య మోకాలెత్తు చెక్క అడ్డాలు. అడ్డం వచ్చినచోట దిగి, సైకిల్‌ను భుజానికెత్తుకుని పరిగెత్తి, మళ్ళీ ఎక్కి తొక్కాలి. అలా రౌండ్ల మీద రౌండ్లు. అందరికంటే ముందున్నవాడు చుట్టి వచ్చి వెనకనుంచి ఎవరిని అందుకుంటే వాళ్ళు అక్కడితో ఆగిపోవాలి. ఆడా మగా అంతా కలిసే బయల్దేరతారు.

అతను కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాడు. పొద్దస్తమానం కూర్చుని చేసే పని. బావ అటక మీద పడేసిన సైకిల్‌ను దులిపి, సరదాగా ఉంటుందని పందేనికి పేరిచ్చాడు. మొదటి అడ్డం దగ్గరే చెక్కకి కాలు తగిలి, సైకిల్‌తో సహా దారికి అడ్డంగా పడ్డాడు. లేచేలోపే ఒక అమ్మాయి వచ్చి చెక్కనీ అతన్నీ కలిపి ఒక్క అంగలో దాటేసింది.

"పడేటప్పుడు కాస్త పక్కకి పడాలండీ. వెనక జనం వస్తుంటారు," అంది, తిరిగి చూడకుండానే.

అన్న మాటకంటే ఆ 'అండీ' అతనికి ఎక్కువ మండింది. ఆ మంటతో గట్టిగా తొక్కుదామనుకున్నాడు గానీ, కాసేపటికే ముందున్నవాడు వచ్చి అందుకున్నాడు. ఈల ఊది అతన్ని పక్కకి రమ్మన్నారు.

పందెం అయ్యాక ఆమె కుళాయి దగ్గర సైకిల్ కడుక్కుంటోంది. నాలుగు మాటలు అనేసి రావాలని వెళ్ళాడు. ఆమె తలెత్తి చూసి, మోచేతికి రక్తం వస్తోందని చెప్పి, నీళ్ళ పైపు అతని వైపు తిప్పి పట్టుకుంది. చల్లటి నీళ్ళు చేతి మీద పడుతుంటే అనాలనుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. మీరెందుకు పడరు అని అడిగి ఊరుకున్నాడు. మీరు చెక్కని చూస్తున్నారు, అందుకే చెక్క మీదికి పోతున్నారు అని చెప్పిందామె. ఆమె సిటీ బస్సు డ్రైవరు. గుంతని చూస్తూ నడిపితే బస్సు కూడా గుంతలోకే పోతుందట.

డ్యూటీ లేని ఉదయాల్లో ఆమె అదే పార్కులో ప్రాక్టీసు చేస్తుందని తెలిసి అతనూ వెళ్ళడం మొదలుపెట్టాడు. సైకిల్ ఎక్కడ పట్టుకుని ఎత్తాలో, ఏ కాలు ముందు దించాలో ఆమె చెప్పేది. పరిగెత్తుతూ ఎక్కబోయి అతను సీటు మీద కాకుండా వెనక చక్రం మీద కూర్చున్న రోజు, నవ్వు ఆపుకోలేక గడ్డి మీద కూలబడింది.

వాన వస్తే ఇద్దరూ పార్కు ఆఫీసు చూరు కింద నిలబడేవారు. ఆమె తన బస్సెక్కేవాళ్ళ గురించి చెప్పేది. బ్రేకు గట్టిగా వేస్తావని రోజూ తిట్టి, దిగేటప్పుడు మాత్రం జాగ్రత్తమ్మా అనే ముసలావిడ గురించి ఎక్కువగా చెప్పేది. అతను పళ్ళ గురించి చెప్పేవాడు. నవ్వు చూస్తే చాలు, ఏ పన్ను అసలుదో ఏది కట్టిందో ఇట్టే పట్టేస్తానన్నాడు ఒకసారి. ఆమె తన ముందు పన్ను చూపించింది. చాలాసేపు చూసి, అసలుదే అన్నాడు. చిన్నప్పుడు గోడ దూకి విరగ్గొట్టుకుంటే కట్టించారు అంది. అతను నిజానికి పన్ను సరిగా చూడలేదు. ఆ సంగతి చెప్పలేదు.

ఇంట్లో అక్క కనిపెట్టేసింది. సెలవురోజు లేపినా లేవనివాడు తెల్లవారకముందే బూట్లు వెతుక్కుంటుంటే ఎవరైనా కనిపెడతారు. ఎవర్రా ఆ అమ్మాయి అని అడిగితే, ఫ్రెండ్ అన్నాడు. అక్క 'ఊఁ' అంది. ఆ ఊఁ చాలా పొడుగ్గా ఉంది.

ఆ సీజన్‌లో ఇంకొక్క పందెమే ఉందనగా ఆమె ఒక కబురు చెప్పింది. దూరప్రయాణాల బస్సులు నడిపే ఉద్యోగం వచ్చిందట. వేరే ఊరి డిపోకి మారాలట. ఆమె ఎన్నాళ్ళుగానో దానికోసమే ఎదురుచూస్తోందని అతనికి తెలుసు. తన బాధ కనబడకూడదని ముఖాన నవ్వు తెచ్చుకున్నాడు.

"మంచి అవకాశం కదా. వెళ్ళండి," అన్నాడు.

ఆమె ఆలస్యమవుతోందంటూ సైకిలెక్కింది. ఆ తర్వాత ప్రాక్టీసుకి రాలేదు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నాననేది.

అక్కతో చెప్పుకున్నాడు. మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టి, వెళ్ళండి అన్నావా అని అక్క రెండుసార్లు అడిగింది. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ బాగుచేస్తావు, నీ నోరు ఎప్పుడు బాగుపడుతుందిరా అంది. అంత ఇష్టమైన ఉద్యోగానికి వెళ్ళొద్దని ఎలా అంటానని అతను వాదించాడు.

"వద్దనమని ఎవరన్నారు? వెళ్ళమన్నాక ఇంకా చెప్పాల్సింది ఉంది కదా. అది మింగేశావు," అంది అక్క.

చివరి పందెం రోజు వాన ఆగనే లేదు. బయల్దేరే గీత దగ్గర ఆమె ముందు వరసలో, అతను వెనక వరసలో. పలకరిస్తే తల ఊపింది, అంతే. ఆడవాళ్ళలో మొదటి ముగ్గురిలో ఒకరిగా రావాలని ఆమె పట్టుదల. ఈసారైనా ఈల ఊదించుకోకుండా పందెం పూర్తిచెయ్యాలని అతని కోరిక. ఆ సీజన్‌లో అది ఒక్కసారీ తీరలేదు.

బురద చక్రాలకి పట్టుకుని సైకిల్ రెట్టింపు బరువైంది. అడ్డాల దగ్గర చెక్కని చూడకుండా దిగి, దాటి, ఎక్కాడు. పడలేదు. పోనుపోను ఊపిరి మండింది. ముందున్నవాడి టైర్ల చప్పుడు వెనక వినిపిస్తుండగానే గీత దాటేశాడు. ఆఖరి రౌండు గంట అతనికోసం మోగింది. వెనకే గీత దాటిన ముందున్నవాడి పందెం అక్కడితో అయిపోయింది, అతనికి మాత్రం ఇంకో రౌండు మిగిలింది. ఇక అతన్ని ఆపేవాళ్ళు లేరు.

ఇసుక గుంట దాటగానే ఆమె కనిపించింది. ఆమె సైకిల్ వెనక గేరు విరిగి వేలాడుతోంది. మొదటి ముగ్గురిలో స్థానం చేజారిపోయింది. అయినా సైకిల్ భుజాన వేసుకుని, జారుతూ, పరిగెత్తుతోంది. అతను బ్రేకు పట్టాడు.

"ఎందుకు ఆగుతున్నావు?" అంది.

"మీరు ఒక్కరే..."

"పరిగెత్తడం నాకొచ్చు. నువ్వు పో. నాకోసం ఆగి ఈ పందెం కూడా పాడుచేసుకుంటే నీతో మాట్లాడను."

అతను వెళ్ళిపోయాడు. మొదటిసారి నువ్వు అందని తట్టేసరికి దారిలోని మట్టిదిబ్బ సగం ఎక్కేశాడు. గీత దాటినప్పుడు వెనకనుంచి రెండోవాడు. పందెం చూడ్డానికి వచ్చిన అక్క చప్పట్లు కొడుతోంది. అతను అటు వెళ్ళకుండా గీత పక్కనే వానలో నిలబడ్డాడు.

అందరికంటే చివర ఆమె వచ్చింది, పరుగు ఆపకుండానే. గీత దాటి, సైకిల్ దించి, నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది.

"ఆగిపోతావేమో అనుకున్నాను," అంది.

"పొమ్మన్నారు కదా."

"ఏం చెప్తే అది చేసేస్తావా? ఆ రోజూ అంతే. వెళ్తున్నానంటే, వెళ్ళండి అన్నావు."

"ఇప్పుడూ వెళ్ళమనే అంటాను. ఆ ఉద్యోగం నీకెంత ఇష్టమో నాకు తెలుసు. కానీ నేనూ వస్తాను. పళ్ళు ఊడినవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు, నాకు పని దొరుకుతుంది. నువ్వు లేనిచోట మాత్రం ఉండలేను."

ఆమె ముఖం నిండా బురద, అందులో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి ముందు నవ్వాయి.

"రేపు సాయంత్రం మా ఇంటికి రా," అంది. "మా నాన్నకి కింది పళ్ళ సెట్టు వదులై మాట తడబడుతోంది. అది సరిచేసి, ఆయన్ని అడగాల్సింది అడుగు."

మర్నాడు పనిముట్ల సంచీతో వెళ్ళాడు. సెట్టు లోపలివైపు పూత వేసి, బిగుతు చేసి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని పెట్టుకుని, అద్దంలో చూసుకుని, పళ్ళు కరిచి చూసుకున్నారు. అతను గొంతు సవరించుకునేలోపే, అమ్మాయి అంతా చెప్పిందిలే అన్నారు.

"నేను ఒప్పుకోకపోతే ఈ సెట్టు తీసుకుపోతావా?"

"లేదండి."

"అయితే భయంతో కాదు, ఇష్టంగానే ఒప్పుకుంటున్నాను," అన్నారాయన. ఆ మాట ఎక్కడా తడబడకుండా, స్పష్టంగా పలికింది.