పదిహేనో ఫ్రోలోవ్కా

గోరెలయా వాగు మలుపులో ఉన్న దుంగల గుడిసెలో ఎవరూ పడుకోరు. వేటలో చీకటి పడిపోయినా, కాళ్ళు పీకుతున్నా, మరో ఎనిమిది కిలోమీటర్లు మంచులో ఈడ్చుకుంటూ పై గుడిసెకు పోతారే గానీ అక్కడ ఆగరు.

ఎందుకని అడిగితే మా యెనిసేయ్ నది ఒడ్డువాళ్ళు ఎక్కువగా వివరించరు. గొంతు తగ్గించి ఒకే మాట చెబుతారు—

"రాత్రి వినపడుతుంది."

"ఏమిటి?"

"తుపాకీ బోల్టు. ఎవరో వెనక్కి లాగి... ముందుకు తోసినట్టు."

ఆ ఎవరో సవ్వాతీ అని అందరి నమ్మకం. నలభై ఒక్క ఏళ్ళ క్రితం, చలికాలం మొదట్లో, ఆ గుడిసెకు కూతవేటు దూరంలో వాగుమీది మంచుగడ్డ విరిగి మునిగిపోయిన వేటగాడతను. శవం దొరకలేదు. తుపాకీ దొరకలేదు.

అతని కొడుకు ఇన్నొకెంతి నాకు ఆత్మీయుడు. ఇప్పుడు నేను చెప్పబోయేది అతను నా ఎదుట కూర్చుని, టీ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా చెప్పిన సంగతి.

ఇన్నొకెంతి ఫ్రోలోవ్కాలు సేకరిస్తాడు. సైన్యం వాడి వదిలేసిన రైఫిళ్ళ గొట్టాల్లోని మెలికల గాడులను తొలిచి నున్నగా చేసి, చిన్న గుళ్ళు పేల్చేలా మార్చి ఒకప్పుడు వేటగాళ్ళకు అమ్మేవారు. వాటికి ఆ పేరు. మంచి తుపాకులు కావు. ఊళ్ళో అందరికీ వాటిమీద వేళాకోళమే.

"కేషా, నీ ఫ్రోలోవ్కా దెబ్బకు ఉడతకు జలుబైనా చేస్తుందా?" అనేవారు. కేషా అంటే ఇన్నొకెంతి ముద్దుపేరు.

అతనికి మాత్రం ఒక్కొక్కటీ ఒక మనిషి చరిత్ర. ఏది చేతికొచ్చినా మొదట గొట్టం మీది సంఖ్య చూస్తాడు, తర్వాత బోల్టు మీద, ఆ తర్వాత మడమకు, అంటే భుజానికి ఆనించే కర్ర చివరకు, కొట్టిన ఇనుపరేకు మీద. మూడూ ఒకటైతే ఆ రోజు అతనికి పండుగ. అలా పద్నాలుగు తుపాకులు గోడకు చేరాయి. నిజానికి వెతుకుతున్నది ఒక్కదానికోసమే. అది తండ్రిది. తండ్రి వేట పుస్తకంలో రాసుకున్న సంఖ్య, 41876, కొడుకుకు కంఠతా వచ్చు. సమాధి లేని తండ్రి ఎక్కడ ఆగిపోయాడో ఆ తుపాకీ ఒక్కటే చెప్పగలదని అతని నమ్మకం.

గోడమీది పద్నాలుగింటినీ వెతికి తెచ్చిచ్చింది యెఫీమ్. సవ్వాతీకి వేటలో జోడీ. ఆనాడు వాగు దగ్గరనుంచి ఒంటరిగా తిరిగొచ్చి, దుర్వార్త చెప్పింది అతనే. తండ్రిలేని తొమ్మిదేళ్ళ పిల్లవాడికి స్కీలు కట్టుకోవడం, ఉచ్చు వేయడం, గురిచూడడం నేర్పిందీ అతనే. ఇన్నొకెంతి అతణ్ణి బాబాయ్ అనే పిలిచేవాడు.

కిందటి అక్టోబరులో వేటకు బయల్దేరుతూ ఇన్నొకెంతి అతని ఇంటిముందు ఆగాడు.

"బాబాయ్, ఈసారి గోరెలయా దారిన పోతున్నాను."

"పో. ఆ గుడిసెలో మాత్రం పడుకోకు."

"యాభై ఏళ్ళొచ్చాయి నాకు. ఇంకా దెయ్యం పేరు చెప్పి భయపెడతావా?"

"నీకు యాభై అయితే నాకు డెబ్భై ఎనిమిది. నన్ను దాటాక ఎదురు చెబుదువుగాని" అంటూ యెఫీమ్ ఉప్పులో ఊరిన పుట్టగొడుగుల సీసా అతని సంచిలో కుక్కాడు. "కుక్కకు పెట్టకు. నువ్వు తిను."

నాలుగోరోజు సాయంత్రం, గోరెలయా మలుపులోనే, పదునైన మంచుపెచ్చు కోసి కుక్క పాదం చీలింది. దాన్ని మోసుకుని ఎనిమిది కిలోమీటర్లు నడవడం అసాధ్యం. ఎదురుగా గుడిసె.

ఇన్నొకెంతి ఆగాడు. లోపలికి వెళ్ళాడు.

పొయ్యి వెలిగించాడు. కుక్కకు కట్టు కట్టాడు. తుపాకీని మాత్రం బయటే, చూరు కింద మేకుకు తగిలించాడు. చలిలోంచి వెచ్చదనంలోకి తెస్తే ఇనుముకు చెమట పట్టి తుప్పెక్కుతుంది. మా వైపు ఇది పసిపిల్లలకూ తెలిసిన పద్ధతి.

కన్ను మూతపడుతోంది...

చక్.

లేచి కూర్చున్నాడు. నిశ్శబ్దం. పొయ్యిలో కట్టె చిటపట.

చక్... చక్.

బోల్టే. యాభై ఏళ్ళు వింటున్న చప్పుడు. పొరపడే ప్రశ్నే లేదు.

తలుపు నెట్టుకుని బయటికి వచ్చాడు. చూరు కింద అతని తుపాకీ కదలకుండా వేలాడుతోంది. దానిమీద పేరుకున్న నూగుమంచు చెదరలేదు. నేలమీద అతని అడుగులు తప్ప మరే జాడా లేదు.

చక్.

ఈసారి తెలిసింది. చప్పుడు పైనుంచి వస్తోంది.

లోపల కుక్క చెవి కూడా కదపలేదు. దాని నిద్ర చూసి కొంత ధైర్యం వచ్చిందని ఇన్నొకెంతి నాతో అన్నాడు. దీపం పట్టుకుని, దుంగల మీద కాలుపెట్టి, అటక మీదికి పాకాడు.

పొగగొట్టం పక్కనే, నాచులో, భూర్జ బెరడు చుట్టిన పొడవాటి వస్తువేదో ఉంది. బెరడు చీలికలోంచి బోల్టు పిడి బయటికి పొడుచుకొచ్చింది. పొయ్యి వేడికి రేకుగొట్టం ఉబ్బి, ఆ పిడిని నెడుతోంది. అదీ చప్పుడు. అదీ నలభై ఏళ్ళ దెయ్యం!

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే బెరడు విప్పాడు. ఫ్రోలోవ్కా. అలవాటు చొప్పున దీపం దగ్గరకు జరిపాడు.

గొట్టం మీద... 41876.

బోల్టు మీద, మడమ రేకు మీద అవే అంకెలు.

నవ్వు ఆగిపోయింది.

తండ్రితోపాటు మునిగిన తుపాకీ అటక మీద ఎలా ఉంటుంది? అడవిలో పుట్టిపెరిగిన మనిషికి ఒక్కటే సమాధానం తోస్తుంది. వేటగాడు తోడును పోగొట్టుకున్నా తుపాకీని పారెయ్యడు. చెయ్యి రాదు, దాస్తాడు. ఆనాడు ఇక్కడినుంచి ప్రాణంతో వెళ్ళినవాడు ఒక్కడే. ఈ గుడిసెలో పడుకోవద్దని అందరికీ చెబుతూ వచ్చిందీ ఆ ఒక్కడే.

గోడమీది పద్నాలుగు తుపాకులూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయట. ఒకటి పుట్టినరోజుకు, ఒకటి పెళ్ళికి, ఒకటి తల్లి పోయిన ఏడాది, దుఃఖం మరిచిపొమ్మని. తీసుకున్న ప్రతిసారీ యెఫీమ్ చేతిని ముద్దుపెట్టుకున్నాడు. పెదవులు మంచుతో రుద్దుకున్నానని నాతో చెప్పాడు.

తెల్లవారాక కుక్కను జారుడుబండి మీద కట్టుకుని తిరుగుదారి పట్టాడు. రెండు పగళ్ళు నడిచి, సొంత గడప తొక్కకుండా యెఫీమ్ ఇంటికి వెళ్ళాడు. ముసలాయన బల్ల దగ్గర బంగాళాదుంపలు ఒలుస్తున్నాడు.

"అప్పుడే వచ్చేశావేం? ఉడతలన్నీ ఫ్రోలోవ్కా పేరు వినగానే చేతులెత్తేశాయా?"

ఇన్నొకెంతి తుపాకీని బల్లమీద పెట్టాడు.

కత్తి జారి కింద పడింది.

"పద్నాలుగు తెచ్చిచ్చావు బాబాయ్. ఈ ఒక్కటీ నేను వెతక్కూడదనేగా?"

యెఫీమ్ అతని ముఖం చూడలేదు. తుపాకీనే చూస్తున్నాడు. మడమ రేకును వేలితో తాకి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"నాన్న మునిగాడని అబద్ధం చెప్పావు. ఏం చేశావు మా నాన్నను?"

"మునిగాడు..." గొంతు గుసగుసగా వచ్చింది. "నా కళ్ళముందే మంచు విరిగింది. తుపాకీ మడమ నావైపు చాచాడు. 'పట్టుకో యెఫీమ్, లాగు' అన్నాడు. పట్టుకున్నాను. నా కింద కూడా పటపటమంది."

"తర్వాత?"

"వదిలేశాను."

యెఫీమ్ వంగి, కింద పడ్డ కత్తి తీసి బల్లమీద పెట్టాడు.

"నీకు తెచ్చిచ్చిన ప్రతిదీ... అందుకే రా, కేషా. ఆ ఒక్కటి తప్ప ఏదైనా తేగలననే తెచ్చాను."

"తేవడానికేం? ఈ చేతులతోనేగా అటక మీద దాచావు!"

యెఫీమ్ అప్పుడు తలెత్తాడు. అంతటి భయం మరే మనిషి కళ్ళలోనూ తాను చూడలేదంటాడు ఇన్నొకెంతి.

"అటక మీదా?..." అన్నాడు ముసలాయన. "నేను వదిలేసరికి దాని గొట్టం మీ నాన్న రెండు చేతుల్లో ఉంది రా. ఆ చేతుల్లోనే కిందికి పోయింది."