పెంకులదిబ్బ నుయ్యి

ఆ సాయంత్రం పెంకులదిబ్బ నూతిలోంచి ఒక మనిషి పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. గట్టు మీద ముగ్గురున్నారు. ఒక్కరూ పలకలేదు.

ఎందుకు పలకలేదో తెలియాలంటే ముందు ఆ దిబ్బకున్న చెడ్డపేరు సంగతి చెప్పాలి.

ఏలూరు నుంచి కొల్లేటికోట వెళ్ళే దారికి లోపలగా, చేపల చెరువుల మధ్య ఉంటుంది పెంకులదిబ్బ. మోకాలెత్తు ఇటుక గోడలు, వాటి నడుమ నేలకు సమంగా ఒక పాత నుయ్యి. చుట్టూ జమ్ము. రెండువేల ఏళ్ళ కిందట రోము ఓడల సరుకు అక్కడ దిగేదని తవ్వి చూసినవాళ్ళు తేల్చారు. ద్రాక్షసారా కూజాల పెంకులు దొరికాయి, రెండు నాణేలూ దొరికాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు మాత్రం తెలిసింది ఒకటే — దీపాలవేళ దాటాక అటు పోకూడదు. నూతిలో రోము షావుకారున్నాడు. ఓడ అతన్ని వదిలేసి పోయింది. చీకటి పడితే అడుగునుంచి పిలుస్తాడు... మనకు తెలియని భాషలో. పలికితే పైకొస్తాడు. పలక్కపోతే, కాసేపటికి ఊరుకుంటాడు.

ఈ కథ వయసు రెండువేల ఏళ్ళు కాదు. నాలుగేళ్ళు. అల్లింది జైనబ్.

జైనబ్ ఏలూరులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేది. కాలేజీ మూతపడ్డాక, ఎవరైనా కుటుంబం అడిగితే ఆదివారంపూట సొంత కారులో తీసుకెళ్ళి, పాత కట్టడాలు చూపించి, సాయంత్రానికి దింపేది. ఆమె భర్త ఫారూఖ్ మిగతా రోజుల్లో తివాచీలు అమ్మేవాడు, ఆదివారం డ్రైవరు. మొదట్లో పెంకులదిబ్బ చూసిన ప్రతివాళ్ళూ పది నిమిషాల్లో "అంతేనాండీ?" అనేవారు. ఒకరోజు ఆ మాట వినలేక, అప్పటికప్పుడు ఒక షావుకారును పుట్టించి నూతిలో పడేసింది. ఆ తర్వాత "అంతేనా" అన్నవాళ్ళు లేరు. చెరువుల కాపలావాళ్ళు పక్కన నిలబడి విన్నారు. వాళ్ళనుంచి ఊళ్ళకు పాకింది.

"నీ దెయ్యానికి జీతం కట్టివ్వాలోయ్," అనేవాడు ఫారూఖ్. "మనిద్దరికన్నా ఎక్కువ కష్టపడుతోంది."

పోయిన నవంబరులో, వానలు తగ్గాక, నెలన్నరకి మొదటిసారి ఆమె దిబ్బ మీదికి మనుషుల్ని తీసుకెళ్ళింది. తాడేపల్లిగూడెం నుంచి రామమూర్తిగారు, ఆయన భార్య ఆండాళ్ళుగారు. ఆయన రిటైరైన మాస్టారు. రోముకు వెళ్ళాలని నలభై ఏళ్ళుగా కోరిక, మోకాళ్ళు ఒప్పుకోక ఇక్కడికొచ్చారు.

"ఏవండీ, మన పెరటి గోడ పడినప్పుడు ఇంతకన్నా ఎక్కువ ఇటుకలొచ్చాయి," అంది ఆండాళ్ళుగారు. "అప్పుడే టికెట్ పెట్టాల్సింది."

"నువ్వు కాసేపు ఊరుకుందూ. ఇది రోము!"

"రోమైతే మాత్రం కూచోడానికింత నీడ ఉండద్దూ?"

జైనబ్ అలవాటు ప్రకారం కథ చెప్పింది. ఆండాళ్ళుగారు కొంగు భుజం చుట్టూ లాక్కుని, "అమ్మో!" అని సంబరంగా భయపడింది.

గట్టు మీదికి కారు రాదు. ఫారూఖ్ అరకిలోమీటరు అవతల రోడ్డు మీద ఉన్నాడు. సగం దూరం నడిచాక చూస్తే వెనకాల మాస్టారు లేరు.

"ఎండ వాలితే పెంకులు మెరుస్తాయట, ఒక్క ఫొటో తీసుకొస్తానన్నారు," అంది ఆవిడ.

పది నిమిషాలు చూశారు. ఎండ వాలింది... పోయింది కూడా. ఫోను చేస్తే స్విచాఫ్. చెరువు కాపలా చూసే ఇస్సాకు టార్చి వేసుకుంటూ ఎదురొచ్చాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటమ్మా? చీకటి పడింది కదా."

జైనబ్ జవాబు చెప్పబోయింది. అప్పుడే... వినిపించింది.

దిబ్బ వైపునుంచి. పైనుంచి కాదు — కిందనుంచి. బిందెలో నోరు పెట్టి పిలిచినట్టు.

"...ఆండా... ళ్ళూ..."

ఆవిడ "ఆఁ" అనబోయింది. ఇస్సాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పలక్కండమ్మా!" గుసగుసగా అన్నాడు. "ఆయన కాదు. వాడు పేర్లు కూడా నేర్చుకున్నాడు."

పేర్లు నేర్చుకోవడం జైనబ్ కథలో లేదు. ఎవరు చేర్చారో!

మళ్ళీ పిలుపు. ఈసారి పొడుగ్గా, గొంతు చీరుకుపోతూ. ఆండాళ్ళుగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ నూతిలో ఏ షావుకారూ లేడని భూమ్మీద అందరికన్నా బాగా తెలిసిన మనిషి జైనబ్. అయినా ఆమె పలకలేదు. అటు అడుగు వెయ్యలేదు. ఇంకెవరు చెప్పినా నవ్వేసి ఉండేది... తను చెప్పింది కాబట్టి, ప్రతి మాటా గుర్తుంది.

మూడోసారి పిలుపు సగంలో తెగిపోయింది. నీళ్ళ చప్పుడు. ఆపైన ఏమీ లేదు.

"హమ్మయ్య," అన్నాడు ఇస్సాకు. "ఊరుకున్నాడు."

ఆ 'హమ్మయ్య' చెంప మీద కొట్టినట్టు తగిలింది జైనబ్‌కి. టార్చి లాక్కుని పరిగెత్తింది.

నూతిలో గెడ్డం దాకా నీళ్ళలో రామమూర్తిగారు ఇటుకల సందులో వేళ్ళు గుచ్చి నిలదొక్కుకుంటున్నారు. జమ్ము కప్పేసి అంచు కనపడలేదు, కాలు జారింది.

"గొంతు పోయేలా పిలుస్తుంటే..." అన్నారాయన పైకి చూసి. "పలకరేవండీ?"

ఇస్సాకు వల తాడు తెచ్చాడు. జైనబ్ ఫోను చేస్తే ఫారూఖ్ పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురూ కలిసి లాగితే పది నిమిషాలకు మాస్టారు గట్టెక్కారు.

"చూశారా రోము? తీరిందా కోరిక?" అని తిడుతూనే ఆండాళ్ళుగారు పైటతో ఆయన తల తుడుస్తోంది, తన కళ్ళూ తుడుచుకుంటోంది.

మాస్టారి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "అడుగున ఏదో ఉందండీ... మెత్తగా, మూటలాగా. దాని మీద కాళ్ళు ఆనాయి. లేకపోతే మునిగిపోయేవాణ్ణి."

"బురద ఉంటుందండీ," అంది జైనబ్.

ఫారూఖ్ వాళ్ళిద్దర్నీ ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నూతికి అడ్డంగా ఏదైనా వేయించి బస్సులో వస్తానని జైనబ్ ఉండిపోయింది. ఇస్సాకు తాటిదుంగ ఈడ్చుకొస్తూ తనలో తాను గొణుక్కున్నాడు.

"నాకేం తెలుసమ్మా? పోయిన నెల పిలిచినప్పుడు కూడా గొంతు ఇలాగే ఉంది మరి."

జైనబ్ ఆగిపోయింది. "పోయిన నెలేంటి?"

"పిలిచాడు కదండీ. రెండు రాత్రులు. కాపలావాళ్ళం అందరం విన్నాం. ఒక్క ముక్క అర్థం కాలేదు — తెలుగు కాదు. అందుకే వాడేననుకున్నాం. మూడో రోజుకి... ఊరుకున్నాడు."



"అప్పుడు చెరువుల మీద పనికి ఎవరొచ్చారు ఇస్సాకూ?"

"ఒరిస్సావాళ్ళమ్మా. చేపలు పట్టడానికి, పన్నెండుమంది. అందులో ఒకడు చెప్పాపెట్టకుండా పారిపోయాడని మేస్త్రి నానా తిట్లూ..."

 ఇస్సాకు చేతిలో దుంగ జారి కిందపడింది. చిన్నపిల్లాడిలా అన్నాడు:

"మీరే కదమ్మా... పలకొద్దన్నారు."

జైనబ్ పోలీసులకు ఫోను చేసింది. తన పేరు చెప్పింది, చోటు చెప్పింది. ఆ కథ కట్టింది తనేనని, అడక్కుండానే చెప్పింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, చెరువులు తోడే ఇంజను తెప్పించి నూతిలోకి గొట్టం దింపారు. "మీరు ఇంటికెళ్ళండి మేడం," అన్నారు.

ఫారూఖ్ ఫోను చేశాడు. "మాస్టారికేం ఫరవాలేదు. నేను వచ్చేస్తున్నా, నువ్వు రోడ్డు మీదికి నడిచిరా."

"రానండీ. అడుగు కనపడేదాకా ఇక్కడే ఉంటాను."

"నువ్వు చూడలేవు జైనబ్."

"చూస్తాను."

ఇంజను మొదలైంది. నీళ్ళు నల్లగా చెరువులోకి పోతున్నాయి. ఇస్సాకు దూరంగా వెళ్ళి, ఇటు వీపు పెట్టి కూచున్నాడు. జైనబ్ నూతి అంచున, టార్చి కిందికి పట్టుకుని నిలబడింది.

ఎనిమిదిన్నరకి అడుగు కనపడింది. ఆమె టార్చి పక్కకి తిప్పలేదు.